ఊపిరి లేని పాట

సుగుణ పాటలోంచి ఊపిర్లు కత్తిరించేశారు ఏలూరులో, పట్టపగలు, టీ తాగుతూ. ఆమెకి చెప్పలేదు. చెప్పాలని అక్కడున్న ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. తెలిసి తప్పు చేసినవాడికి కనీసం కాసేపు మనసు గింజుకుంటుంది. వీళ్ళకి అదీ లేదు. టీ చల్లారిపోయిందని మాత్రం విసుక్కున్నారు.

పవర్‌పేట స్టేషన్‌కి పోయే దారిలో ఉంది నబీ మైక్‌సెట్ షాపు. పెళ్ళికైనా, ఎన్నికలకైనా, చావుకైనా అవే పెట్టెలు, అవే హారన్లు. ఊరికి ఏ ముచ్చట వచ్చినా, ఏ కష్టం వచ్చినా నబీ వైర్ల మీదుగానే వినబడాలి. అతని మేనల్లుడు అక్రమ్ అక్కడే పెరిగి, అక్కడే పని నేర్చుకుని, ఇంకెక్కడికైనా పోదామని రోజూ అనుకుంటూ అక్కడే ఉండిపోయాడు.

ఆ రోజు కలిదిండి వైపు నుంచి తాతాజీ వచ్చాడు. చేపల చెరువుల ఆసామి. మెత్తని మనిషి, మెత్తని మాట. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"రెండు పనులున్నాయండి నబీ గారూ. ఒకటి ఇంటి పని, ఒకటి చెరువు పని."

ఇంటి పని వాళ్ళమ్మ అచ్చమ్మది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఆఖరి రోజుల్లో మంచం మీంచి మనవడితో ఫోన్లో మాట్లాడిన మాటలు ఆ మనవడు దాచి ఉంచాడు. సంవత్సరీకం నాడు బంధువులందరికీ వినిపించాలని తాతాజీ కోరిక. నబీ మీట నొక్కగానే షాపులో ఒక ముసలి గొంతు గురగురలాడింది. "ఒరేయ్ బుజ్జోడా..." అని ఆగి, బావిలోంచి చేదతో తోడినట్టు ఊపిరి లాక్కుని, "తిన్నావంట్రా?" అంది.

"చుట్ట తాగీ తాగీ చివర్లో మరీ ఆయాసమండి మా అమ్మకి" అన్నాడు తాతాజీ. "భోజనాల దగ్గర చుట్టాలు వినలేరండి. ఆ ఆయాసం తీసేసి మాటలు మట్టుకు ఉంచండి."

చెరువు పని సుగుణది. ఆమె పేరు తాతాజీకి తెలియదు. "ఇది మావాడు తాడేపల్లిగూడెంలో చదివేప్పుడు ఎవరో అమ్మాయి చేత పాడించాడండి. వాయిద్యాలు లేకుండా ఒట్టి గొంతు. దీన్నిప్పుడు చెరువు మీద హారన్లో పెట్టాలి."

"హారన్లోనా? ఎందుకండీ?"

"నీటికాకులకండి. ఆయ్. పిట్టల్ని కొట్టకూడదు గదండీ, కేసులు. టపాకాయలేశాం. రెండ్రోజులు భయపడ్డాయి, మూడో రోజుకి టపాకాయ కోసం ఎదురుచూస్తన్నాయి. డబ్బాలు కొట్టించాం. మావాడు వినే ఆ ఇంగ్లీషు బ్యాండు పాటలే పెట్టాం, డ్రమ్ములూ అవీ. వాటికి డాన్సులు చేశాయండి బాబూ! ఈ అమ్మాయి గొంతు పెడితే మట్టుకు ఒక్కటి నిలవడంలేదు. ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. కాకపోతే ఈ పిల్ల ఊపిరికోసం ఆగుద్ది చూడండి, ఆ సందులో దభీమని దిగి చేపని ఎత్తుకుపోతన్నాయి. ఆ సందులు లేకుండా చెయ్యండి."

"ఆగకుండా పాడితే మనిషి పాటలా ఉండదు తాతాజీ గారూ."

"వినేది మనుషులు కాదు గదండీ!"

కింద కూర్చుని హారన్‌కి కొత్త కాయిల్ చుడుతున్న అక్రమ్‌కి నవ్వొచ్చింది. నవ్వాడు కూడా.

కంప్యూటర్ తెర మీద గొంతు కొండలు కొండలుగా కనబడుతుంది. రెండు కొండల మధ్య సన్నని గీత ఉన్నచోట ఊపిరి. నబీ ఆ గీతల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని, తుంచి, కొండకి కొండ అంటించేశాడు. పాట చివరని మొదటికి కలిపాడు. ముందు అచ్చమ్మది, తర్వాత సుగుణది, ఒకే విడతలో రెండూ అయిపోయాయి.

నబీకి ఒక అలవాటుంది. కత్తిరించిన ముక్క పారేయడు. టేపుల కాలంలో కత్తెరతో కోసిన రిబ్బను ముక్కల్ని కూడా జిగురు కాగితంతో ఒకదానికొకటి అతికించి డబ్బాలో దాచేవాడు. రేపు గిరాకీ వచ్చి అదే ముక్క కావాలంటే ఎక్కణ్ణుంచి తేవాలి? కంప్యూటర్ వచ్చాకా అదే పద్ధతి. ఆ పూట కోసినవన్నీ ఒక వరసలో పేర్చి, 'ముక్కలు' అని పేరు పెట్టి ఒక మూల పడేశాడు. అప్పుడు టీ తాగాడు.

*

సుగుణ కొల్లేటి లంకలో పుట్టింది. తండ్రి జాకబ్‌కి ఒక తాటి దోనె, కొన్ని వలలు ఉండేవి. చలికాలం తెల్లవారుజామున సరస్సు మీద మంచు పరుచుకుంటే చాచిన చేయి కనబడదు. దోనెలో ఉన్నవాడికి ఒడ్డెటో, నీళ్ళెటో తెలియదు. అందుకని పిల్లని ఒడ్డున నిలబెట్టి పిలిపించేవాళ్ళు. సుగుణ పమిట వయసు రాకముందే ఆ పని చేసేది. "నానోయ్" అని మొదలుపెడితే ఆ పిలుపు సాగి, సాగి, మంచులో ఒక తాడులా పడి ఉండేది. జాకబ్ దాన్ని పట్టుకుని ఒడ్డుకొచ్చేవాడు. మధ్యలో ఆగితే దోనె పక్కకి తిరిగిపోతుందని తల్లి సారమ్మ భయపెట్టేది. సుగుణకి ఆ పొడుగాటి ఊపిరి అక్కడే అలవాటైంది.

కథల్లో అయితే జాకబ్ నీళ్ళలో పోవాలి. పోలేదు. సరస్సులో చేపల చెరువుల గట్లని సర్కారు పేల్చేసిన ఏడాది ఉన్న ఆధారం కాస్తా పోయి, కుటుంబం ఆకివీడు చేరి, అక్కడ అద్దెగదిలో జ్వరమొచ్చి పోయాడు.

తర్వాత ఆమె చర్చిలో పాడింది. చర్చిలో విన్న ఒకాయన ఆర్కెస్ట్రాలోకి పిలిచాడు. పెళ్ళిళ్ళలో, తీర్థాల్లో ఎవరి గొంతు కావాలంటే ఆ గొంతు పెట్టేది. స్టేజీ వెనక కళ్ళు మూసుకుని వింటే అసలు గాయని వచ్చిందనుకునేవాళ్ళు. 'అచ్చం ఫలానా ఆవిడలాగే' అనడమే జనం ఇచ్చిన పెద్ద బిరుదు. సుగుణలాగా ఉంది అని ఎవరూ అనలేదు. ఆర్కెస్ట్రాలకి రోజులు పోయాక రైల్వేగేటు అవతల చేపల ప్యాకింగ్ షెడ్డులో చేరింది. ట్రేలో చేప, చేప మీద ఐసు, ఐసు మీద చేప. లారీ నిండేదాకా అదే.

అక్కడ ఆమె పని చేసుకుంటూ కూనిరాగం తీస్తుంటే విన్నాడు తాతాజీ కొడుకు ఉదయ్ కిరణ్. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతూ, పండగ సెలవులకి తండ్రి చేపల లారీతో వచ్చాడు. అతనికి సాల్ట్ లాంటర్న్స్ అనే రాక్ బ్యాండ్ పిచ్చి. ఎక్కడో చలిదేశపు ఓడరేవులో నలుగురు కుర్రాళ్ళు పెట్టిన బ్యాండ్ అది. ఇప్పుడు ఇద్దరు పోయారు, మిగిలినవాళ్ళు తాతలయ్యారు. పాటలు మాత్రం పోలేదు. వాళ్ళు పాడినదానికన్నా పరాయివాళ్ళు పాడిందే ఎక్కువ. హోటళ్ళలో పాడే ముఠాలు, చర్చి బృందాలు, బడిపిల్లలు, తాగుబోతులు, భాష రానివాళ్ళు. ఉదయ్ కూడా తన ఛానెల్లో ఆ పాటల్నే గోదావరి జిల్లా గొంతులతో పాడించి పెడుతుండేవాడు.

అతను ఫోన్లో ఒకే పాట పదిమంది పాడింది వినిపించాడు. సుగుణ ఐసు చేతులు కొంగుకి తుడుచుకుని అన్నీ విన్నది.

"ఇంతమంది పాడేశారు గదండీ, ఇంక నేను పాడేదేముంది?"

"అందరూ పాడిందే మళ్ళీ పాడాలక్కా. కవర్ అంటే అదే."

"మేం ఆర్కెస్ట్రాలో చేసిందీ అదే గదండీ. దానికి ఇంగ్లీషు పేరుందని తెలీదు. అర్థమేంటండీ ఈ పాటకి?"

"అర్థం పెద్దగా ఏం లేదక్కా. ఫీల్ అంతే."

అర్థం ఉంది. మంచులో దారి తప్పిన పడవ కోసం ఒడ్డున ఒకరు నిలబడి, నీళ్ళ మీదుగా ఇంటికి రమ్మని పిలుస్తుంటారు. నాలుగేళ్ళు ఆ బ్యాండ్‌ని విన్న ఉదయ్‌కి అది పట్టలేదు. సుగుణకి ఎవరూ చెప్పలేదు. గూడెంలో ఒక బియ్యం మిల్లు గోడౌన్లో, ప్రతిధ్వని రాకుండా బస్తాల మధ్య నిలబడి, ఒక్క మాట తెలియకుండా ఆమె ఆ పాట పాడింది. వింటున్న కుర్రాళ్ళు ఫోన్లు దించేశారు. ఒడ్డు మీద ఎవరో నిజంగానే ఉన్నట్టు పాడింది.

వీడియోలో ముందు ఉదయ్, చేతిలో గిటారు. వెనక మసక వెలుతురులో సుగుణ చెంప కొంచెం. కింద 'లోకల్ టాలెంట్‌తో' అని వేశాడు. చదువుకున్నవాళ్ళకి మనుషుల పేర్లు అడగడం మర్చిపోయే సౌకర్యం ఉంటుంది. చదువైపోయాక బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, ఛానెల్ మూలపడింది. వాయిద్యాలు కలపకముందు తీసిన ఒట్టి గొంతు పెన్‌డ్రైవ్‌లో ఉండిపోయి తండ్రి చేతికొచ్చింది.

*

హారన్ పెట్టినప్పటినుంచీ తాతాజీ చెరువు మీద ఒక్క పిట్ట వాలలేదు. ఆనోటా ఈనోటా పాకి పక్క చెరువుల వాళ్ళు కాపీలు చేసుకున్నారు. ఆ కాపీలకి కాపీలు. కలిదిండి నుంచి ఆకివీడు దాకా గట్ల మీద పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలేదాకా ఒకే ఆడగొంతు, ఒకే పాట, ఆగకుండా.

ఒకసారి హారన్ బిగించడానికి అక్రమ్ తాతాజీ చెరువుకి వెళ్ళాడు. గట్టు మీద కాపలాదారు నిత్యానందం చెవుల్లో దూది కుక్కుకుని కూర్చున్నాడు.

"ఏం బాబాయ్, చెవిపోటా?"

నిత్యానందం దూది తీశాడు. "చెవిపోటు కాదు బాబూ. ఆవిడ ఇప్పుడాగుద్ది, ఇప్పుడాగుద్ది అనుకుంటా నేనూ ఊపిరి బిగబట్టేస్తన్నాను. ఆగదు. నాకు కళ్ళు తిరుగుతన్నాయి. పిట్టలు ఎందుకు పోతన్నాయో నాకర్థమైంది."

"ఎందుకు?"

"అది బతికున్నది చేసే చప్పుడు కాదు బాబూ" అని మళ్ళీ దూది పెట్టుకున్నాడు.

అక్రమ్ నవ్వాలనుకున్నాడు. ఎండ తీక్షణంగా ఉంది, నీళ్ళు తళతళమంటున్నాయి, ఆకాశంలో ఒక్క రెక్క లేదు. చెరువుకి గాలి పట్టించే ఏరేటర్ల చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. వాటిపైన ఆ గొంతు ఒకే తీగలా సాగుతోంది, ఎక్కడా తెగదు. తాను కూడా ఊపిరి బిగబట్టి ఉన్నానని బండి ఎక్కి చాలా దూరం వచ్చాకగాని అతనికి తెలియలేదు.

*

ఆ తర్వాత కొద్దిరోజులకి ఆకివీడు చర్చిలో ఒక పెళ్ళికి నబీ సెట్టు వెళ్ళింది. అక్రమ్ మిక్సర్ దగ్గర, చెవులకి హెడ్‌ఫోన్లు. పాట పాడటానికి ఒక సన్నటి మనిషి మైకు ముందుకొచ్చింది. ఎవరో "సుగుణా, కాస్త దగ్గరగా పాడమ్మా" అన్నారు.

పాట మొదలైంది. తెలుగు కీర్తన. మొదటి మాటకే అతను గొంతు పోల్చుకున్నాడు. చెరువు మీద గొంతు. దానికో మనిషి ఉందన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టయింది. రెండో చరణానికి హెడ్‌ఫోన్లు చెవులకి గట్టిగా అదుముకున్నాడు. మైకు దగ్గర ఎవరు పాడినా హెడ్‌ఫోన్లో ముందు వినబడేది ఊపిరే. పెద్ద గాయకులకైనా అది దాగదు. ఈమెకి లేదు. మాట వెంట మాట, చరణం వెంట చరణం, మధ్యలో ఏమీ లేదు. నోరు తెరుస్తోంది, భుజాలు లేస్తున్నాయి, లోపలికి ఏమీ పోవడంలేదు. పెదాలు నల్లబడ్డాయి. ఇక చాలు అని అతను మైకు ఆపబోయేలోపు ఆమె బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయింది.

పెళ్ళివాళ్ళు ఆమెని బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టి విసిరారు. భోజనాలు మొదలవగానే అందరూ అటు పోయారు. సారమ్మ, అక్రమ్ మిగిలారు.

"ఉపాసం ఉందాండీ?" అన్నాడు అక్రమ్.

"ఉపాసం కాదయ్యా" అంది సారమ్మ. "వానలకి ముందునుంచీ ఇంతే. పొద్దు పొడిస్తే మొదలు, పొద్దు వాలితే మామూలు. ఏలూరులో డాక్టరు గారు ఎక్స్‌రే చూసి అంతా బాగానే ఉందన్నారు. బాగుంటే ఇట్టా ఎందుకుంటదని అడిగితే కోప్పడ్డారు."

సుగుణ మెల్లగా కళ్ళు తెరిచింది. "బయటికొస్తది తమ్ముడూ. లోపలికి పోదు. నీళ్ళలో మునిగినట్టు కాదు. అసలు తీసుకోడమే... ఎట్టాగో... మర్చిపోయినట్టు ఉంటది."

పొద్దు పొడిస్తే మొదలు, పొద్దు వాలితే మామూలు. హారన్లు నడిచే వేళలు అవే. అక్రమ్ లేచి వెళ్ళిపోవచ్చు. అతను అలాంటివి నమ్మే మనిషి కూడా కాదు. కాని చెప్పాడు. షాపు, తాతాజీ, నీటికాకులు, కత్తిరించడం, తాను నవ్విన సంగతి కూడా. సారమ్మ సిలువ గుర్తు వేసుకుంది.

"నన్నొకసారి అక్కడికి తీసుకెళ్తావా తమ్ముడూ?" అంది సుగుణ.

*

అతని బండి వెనక కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళింది. చెరువులు దగ్గరపడేకొద్దీ గొంతు వినబడసాగింది. ముందు ఎడమ నుంచి, తర్వాత కుడి నుంచి, తర్వాత అన్ని వైపుల నుంచీ. ఒక చెరువు మీద చరణం, ఇంకో చెరువు మీద పల్లవి. తన గొంతుల మధ్యలోంచి సుగుణ తల వంచుకుని పోయింది.

తాతాజీ గట్టు మీదే ఉన్నాడు. మేత బస్తాలు దింపిస్తున్నాడు. అక్రమ్ సంగతి చెప్పగానే ఆయన ముఖం విప్పారింది.

"నువ్వేనా తల్లీ! రామ్మా, కూచో. ఒరే, కొబ్బరిబొండం కొట్టండ్రా. నీ గొంతు వల్లే ఈ ఏడు మా చెరువు నిలబడిందమ్మా. మా ఇంట్లో అందరం నిన్ను తలుచుకుంటాం."

"పేరు తెలుసాండీ?" అన్నాడు అక్రమ్.

తాతాజీ ఆ మాట వినలేదు, లేదా వినకూడదనుకున్నాడు. సుగుణ ఏదో చెప్పబోయింది. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. చేత్తో హారన్ కేసి చూపించింది. ఆయనకి అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

హారన్ మాట మధ్యలో తెగింది. ఏరేటర్ చక్రాలు నెమ్మదించి నిలిచిపోయాయి. అంత నిశ్శబ్దం ఆ గట్టు మీద చాన్నాళ్ళకి వచ్చింది. ఆ నిశ్శబ్దంలో సుగుణ ఊపిరి తీసుకుంది. అవతలి గట్టున ఉన్న నిత్యానందం కూడా తల తిప్పి చూశాడు. అంత పెద్ద ఊపిరి. ఎక్కడ దాక్కున్నాయో, ఎటునుంచి వచ్చాయో, నీటికాకులు నల్లగా గుంపులు గుంపులుగా దిగాయి.

"జనరేటర్! జనరేటర్!" అని కేకేశాడు తాతాజీ.

"ఒక్క నిమిషం ఆగండి బాబుగారూ" అంది సుగుణ. గబగబా మాట్లాడింది, వేళ మించిపోతుందన్నట్టు. "ఆ పాట నాది కాదండీ. రాగం వాళ్ళది, మాటలు వాళ్ళయి. నేనెప్పుడూ ఒకళ్ళ పాటే పాడానండీ. అందులో నాదంటూ ఉండేది ఊపిరొక్కటే. అది తీసేసి మిగతాది ఉంచుకున్నారు. పాట ఉంచుకోండి, నాకేం బాధలేదు. నా ఊపిరి మట్టుకు మళ్ళీ పెట్టించండి. నాకు పగలు..."

జనరేటర్ అందుకుంది. హారన్ అందుకుంది. సుగుణ మాట అక్కడే ఆగిపోయింది. నోరు ఇంకా తెరిచే ఉంది. పైనుంచి ఆమె గొంతే ఆమెని పట్టించుకోకుండా పాడుకుంటూ పోయింది. నీటికాకులన్నీ ఒక్కసారిగా లేచాయి.

తాతాజీ చెడ్డవాడైతే ఈ కథ సులువయ్యేది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒంట్లో బాలేదామ్మా? అయ్యో. ఈ పట్టుబడి అయ్యేదాకా ఓర్చుకో తల్లీ. చేప అమ్మేశాక తీయించేస్తాను, ఒట్టు" అన్నాడు. వెళ్ళేటప్పుడు గోనెసంచిలో రెండు బొచ్చెచేపలు పెట్టించి బండికి కట్టించాడు. పట్టుబడి అయ్యాక మళ్ళీ చేపపిల్ల వేస్తారనీ, పిల్లకి పిట్టల బెడద ఇంకా ఎక్కువనీ అక్కడున్న అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు.

*

"ఉదయ్‌కి ఫోన్ చెయ్యి. అసలుది పంపుతాడు. పెన్‌డ్రైవ్‌లో దాని మీదే కొత్తది ఎక్కించేశాను" అన్నాడు నబీ.

చేశాడు. పాత లాప్‌టాప్ అమ్మేశానన్నాడు ఉదయ్. ఛానెల్లో ఉన్నది తీసుకోమన్నాడు. దాన్నిండా గిటార్లే. హారన్లో గిటారు వినబడిన మరుక్షణం తాతాజీకి తెలిసిపోతుంది. ఒట్టి గొంతే కావాలి, అందులో ఊపిర్లు కావాలి.

"మామూ, కోసినవి ఉన్నాయా?"

నబీ కొంచెంసేపు గడ్డం గోక్కున్నాడు. "నేను గిరాకీ చెప్పిందే చేశాను రా" అన్నాడు. తర్వాత లేచి, కంప్యూటర్లో 'ముక్కలు' తెరిచి, నమాజుకి టైమయిందని వెళ్ళిపోయాడు.

మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద ఆటోలు. అక్రమ్ ఆ ఫైలు నొక్కాడు. ఊపిరి. మళ్ళీ ఊపిరి. మళ్ళీ. లోపలికి తీసుకోవడమే, వదలడం లేదు. ఒక మనిషి నిండుతూ, నిండుతూ, ఎంతకీ నిండకుండా ఉన్నట్టుంది. తెర మీద ఏదో మసకగా ఉంటే వేలితో తుడిచాడు. వేలు తడిసింది.

ఒక్కో ఊపిరినీ తీసి, పాటలో దాని చోటు వెతికి పెట్టుకుంటూ పోయాడు. చాలా వరకు తాళం చెవిలా వాటంతటవే కూర్చున్నాయి. కొన్ని మరీ గరగరలాడుతున్నాయి, గోడౌన్లో బస్తాల చప్పుడేమో అని వదిలేశాడు. చివరి చరణం ముందు మాత్రం ఎంత వెతికినా సరిపోయేది దొరకలేదు. ఆ ఊపిరి నబీ కోసేటప్పుడు ముక్కలైపోయినట్టుంది. చివరికి కొంచెం బరువైనది ఒకటి కనబడింది. నెమ్మది చేసి, పెట్టి చూశాడు. సరిగ్గా అతికింది. ఆ పూట సుగుణకి జలుబు చేసి ఉంటుందనుకున్నాడు.

హారన్లు ఎవరివైనా పాడైతే నబీ షాపుకే రావాలి. ఆ వర్షాకాలం పిడుగులు బాగా పడ్డాయి. వచ్చిన ప్రతి పెట్టెలోంచీ అక్రమ్ పాత పాట తీసి కొత్తది పెట్టి పంపాడు. రానివాటి దగ్గరికి సర్వీసింగ్ అని తనే వెళ్ళాడు. అడిగినవాడు లేడు. తాతాజీ మాత్రం ఫోన్ చేశాడు.

"మళ్ళీ సందులొచ్చాయేంటండీ నబీ గారూ? నీటికాకులు దిగుతన్నాయి."

నబీ అక్రమ్ వైపు చూసి, ఫోన్లోకి మెత్తగా అన్నాడు. "మనిషి గొంతు గదండీ తాతాజీ గారూ. చెమ్మకి సాగుతుందండి."

*

వానలు వెనకబట్టాక ఒక ఉదయం అక్రమ్ ఆకివీడు ప్యాకింగ్ షెడ్డుకి వెళ్ళాడు. లోపలికి అడుగుపెట్టకముందే వినబడింది. సుగుణ పాడుతోంది. ఐసు మర చప్పుడు పైన, పార చప్పుడు పైన, నిండుగా. మధ్యమధ్య ఊపిరి తీసుకుంటోంది. పట్టపగలు. ముఖం నిండింది, పెదాలకి రంగొచ్చింది. సారమ్మ అతనికి కోడిమాంసం తినిపిస్తానందని, ఆదివారం రమ్మని నవ్వుతూ చెప్పింది. దూరంగా ఏదో గట్టు మీంచి ఆమె గొంతే గాల్లో తేలి వస్తోంది. అది కూడా ఆగుతూ, తీసుకుంటూ పాడుతోంది. ఏ పుస్తకం చదివినా, ఏ ఉద్యోగానికి రాసినా కలగని తృప్తి అక్రమ్‌కి ఆ నిమిషంలో కలిగింది. తాను చేసిన పని ఒకటి సరిగ్గా అతికింది.

ఆ ఆదివారం అతను వెళ్ళలేదు, ఆ తర్వాతా వెళ్ళలేకపోయాడు. ఆ షెడ్డు దగ్గరే వాళ్ళు ఆఖరిసారి కలుసుకోవడం. సెలవు తీసుకుని బండి దగ్గరికి వస్తుంటే ఆమె వెనకే వచ్చింది. చేతిలో ఇంకా ఐసు ముక్క ఉంది, కరిగి వేళ్ళ సందుల్లోంచి కారుతోంది.

"తమ్ముడూ, ఒక్క మాట. అన్నీ నావే వచ్చాయి. ఒకటి మట్టుకు నాది కాదు. చివరి చరణం ముందు వస్తది చూడు, అది. అది లోపలికి పోయేటప్పుడు చుట్ట వాసనొస్తంది. మా ఇంట్లో చుట్ట తాగినోళ్ళెవరూ లేరు. గుండెల్లో బరువుగా కూచుని, ఎవరినో పిలిచేదాకా బయటికి రాదు. నిన్న ఐసు పోస్తా పోస్తా, 'ఒరేయ్ బుజ్జోడా, తిన్నావంట్రా' అనేశాను. పక్కనున్నోళ్ళందరూ నవ్వారు. నాకు బుజ్జోడెవడూ లేడు తమ్ముడూ. పాపం, ఎవరో పెద్దావిడయ్యుంటది. తనది లేక ఎంత అల్లాడతందో. ఎక్కడుందో కనుక్కుని ఇచ్చెయ్. నాకు అలవాటైపోకముందే."